మందు మానను

“మీరు మనిషేనా, రికార్డింగా?”

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది. అప్పటికి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తను మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయిన లిఫ్ట్‌లో, త్రిశంకు స్వర్గంలో ఉంది. నేను నాలుగో అంతస్తులో మూసి ఉన్న తలుపుకి చెవి ఆనించి నిలబడ్డాను. బయట వాన దంచికొడుతోంది. కరెంటు పోయింది. ఇలాంటప్పుడు లిఫ్ట్‌ని దగ్గరి అంతస్తుకి చేర్చాల్సిన బ్యాటరీ సరిగ్గా ఆ రోజే చచ్చి ఊరుకుంది.

“మనిషినేనండీ. లిఫ్ట్ మెకానిక్‌ని.”

“ఇందాకట్నుంచీ ఎమర్జెన్సీ బటన్ నొక్కుతుంటే ఎవరో ఆవిడ ‘మీ కాల్ మాకు చాలా ముఖ్యం’ అంటోంది. అంత ముఖ్యమైతే ఎత్తి మాట్లాడొచ్చుగా?”

“మేం సెలవడిగినా ఆవిడ అదే అంటుందండీ.”

లోపల్నుంచి చిన్న నవ్వు వినిపించింది. వెంటనే గొంతు మారింది. “నిజం చెప్పండి. ఇది పడిపోతుందా?”

“పడదు. పడాల్సిందేనని మీరు పట్టుబట్టినా పడదు. పైన గవర్నర్ అని ఒకటుంటుంది. లిఫ్ట్ హద్దు దాటి పరిగెత్తిందనుకోండి, అది చూసి గట్టిగా బ్రేకులు పట్టిస్తుంది. హద్దులో ఉన్నంతసేపూ దాని జోలికి రాదు.”

“మరి ఇప్పుడెందుకు ఆగింది?”

“కరెంటు పోయిందండీ. దానికి ఏ గవర్నరూ ఏం చెయ్యలేడు.”

ఈసారి గట్టిగానే నవ్వింది. ఆ నవ్వు వింటూ మేడ మీద మెషిన్ రూమ్‌కి పరిగెత్తాను. మెయిన్ ఆపి, బ్రేకు వదిలి, చక్రం చేత్తో తిప్పి లిఫ్ట్‌ని నాలుగో అంతస్తుకి సరిగ్గా తెచ్చాను. మళ్లీ కిందికొచ్చి తాళంతో తలుపు తీశాను.

ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. లేవడానికి చెయ్యి అందించాను. పట్టుకోబోయి ఆగింది.

“మీ చెయ్యి వణుకుతోంది. లోపల ఇరుక్కుంది నేనైతే భయం మీకేసిందా?”

“అది ఎప్పుడూ అంతేనండీ. బోల్టు పట్టుకుంటే ఆగుతుంది.”

“నేను బోల్టుని కాదు,” అని గోడ పట్టుకుని లేచింది. “అయినా థాంక్స్, గవర్నర్ గారూ.”

ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. తను ఐదో అంతస్తులో వినికిడి పరీక్షలు చేస్తుంది. చెవులకి మిషన్లు పెడుతుంది. నేను చెవులమ్మగారు అన్నాను. మూతి ముడిచింది గానీ వద్దనలేదు.

ఆ తర్వాత ఆ బిల్డింగ్ లిఫ్ట్‌కి రానన్ని రోగాలు వచ్చాయి. గ్రీజు పెట్టాలని, బల్బు మార్చాలని, తలుపు చప్పుడు చేస్తోందని, ఏదో ఒక వంకతో పోయేవాణ్ణి. ఒకరోజు ఆమే అడిగింది. “ఈ లిఫ్ట్ పాడైందా, మీరు పాడుచేస్తున్నారా?”

ఇక్కడో సంగతి మీకు ముందే చెప్పేస్తాను. ఆమెకి ఆలస్యంగా చెప్పి పడ్డ తిప్పలు చాలు.

నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది, మనసు ఉన్నట్టుండి ఎక్కీ దిగే జబ్బు. అవును, లిఫ్ట్ మెకానిక్‌కే. పైకీ కిందికీ జోకులన్నీ మా బావ ఎప్పుడో వేసేశాడు, మీరు శ్రమపడక్కర్లేదు.

పైకి వెళ్లినప్పుడు నాకు నిద్ర అక్కర్లేదు. రాత్రంతా మేలుకున్నా అలుపుండదు. నోరు ఆగదు, ఆలోచనలు నోటికన్నా ముందు పరిగెడతాయి. ఊళ్లో లిఫ్టులన్నీ నేనొక్కణ్ణే బాగుచెయ్యగలను, బాగుచెయ్యాలి, ఇవాళే చెయ్యాలి అనిపిస్తుంది. అలాంటి ఒకరోజు బస్టాప్‌లో బెంచీ ఎక్కి, ఎదురుగా నిలబడ్డ అమ్మాయిని పెళ్లి చేసుకోమని అడిగాను. ఆమె చంకలో పిల్ల, పక్కన మొగుడు. అతను నన్ను కొట్టకుండా వదిలెయ్యడం అతని మంచితనం. నవ్వొచ్చే సంగతే. కానీ ఆ రోజు నాకది నిజమైన ప్రేమే, ఒట్టు. అదే నా భయం.

కిందికి పడ్డప్పుడు పళ్లు తోముకోవడం కూడా కొండెక్కినంత పని. నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాను. అక్క అన్నం కలిపి నోట్లో పెట్టేది.

డాక్టర్ లిథియం ఇచ్చింది. బాగయ్యాను. బాగయ్యాక ఇంకా మందెందుకని మానేశాను. బాగున్నది మందువల్లేనన్న ముక్క బుర్రకెక్కలేదు. మళ్లీ మొదటికొచ్చింది. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు అక్క చేతిలో చెయ్యి వేసి చెప్పాను, ఇక చచ్చినా మానను. చెయ్యి కాస్త వణుకుతుంది, దాహం ఎక్కువ, నీళ్ల బాటిల్ వెంట లేకపోతే గడవదు, అప్పుడప్పుడూ రక్తపరీక్ష. పొట్ట కూడా కొంచెం వచ్చింది. మా సూపర్‌వైజర్‌కి అన్నీ చెప్పాను. నిద్ర చెడకూడదని నాకు రాత్రి షిఫ్టులు వెయ్యడు.

ఇలా ఉండగా చెవులమ్మగారు నా బతుకులోకి వచ్చింది.

అన్నం తింటూ నాలో నేను నవ్వుకోవడం చూసి అక్క గరిటె పక్కన పెట్టింది. “మందు వేసుకున్నావా?”

“వేసుకున్నా.”

“మరెందుకు నవ్వుతున్నావ్?”

“నవ్వకూడదా? నవ్వితే మందు, అలిగితే మందు, పాట పాడితే మందు! నాకు మామూలుగా సంతోషం రాకూడదా అక్కా?”

“అరవకు. వేసుకున్నవాడివి ఎందుకు అరుస్తున్నావ్?”

ఇంకేం మాట్లాడతాం! మా అక్క నేను ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. అరిచానే గానీ నాకూ లోపల గుబులుగానే ఉంది. రాత్రి నిద్ర ఆలస్యమవుతోంది. రోడ్డు మీద పాడుకుంటున్నాను. ఊరంతా అందంగా కనిపిస్తోంది. ఇవన్నీ నాకు తెలిసిన లక్షణాలే. ఇది ప్రేమా, జబ్బా? అది తేలేదాకా ఆమెతో ఒక్క మాట చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను. మళ్లీ ఇంకో అమ్మాయి ముందు బెంచీ ఎక్కను.

డాక్టర్ దగ్గరికి వెళ్లాను. కళ్లజోడు పైనుంచి చూసే పెద్దావిడ.

“నిద్ర?” అంది.

“కొంచెం లేటుగా పడుతోందండీ.”

“మర్నాడు ఎలా ఉంటోంది?”

“లిఫ్ట్ మీద నిలబడి ఆవలిస్తూ చస్తున్నా.”

“మంచిదే. జబ్బులో అయితే నీకు అలుపు తెలియదు. సరే, ఆ అమ్మాయి, నువ్వు కలిస్తే ఎవరెక్కువ మాట్లాడతారు?”

“ఆవిడే. నాకు సందు దొరికితేగా?”

“ఏం మాట్లాడుతుంది?”

చెప్పాను. వాళ్ల అమ్మమ్మకి వినపడక, అందరూ నవ్వేశాక ఆఖర్న నవ్వేదట. ఎందుకు నవ్వారో తెలియకుండానే నవ్వేదట. అది చూడలేక ఈ చదువు చదివిందట. వినపడనివాళ్ల ముందు గట్టిగా అరిచేవాళ్లంటే ఒళ్లుమంట. కాఫీ చల్లారితే తాగదు. కోపమొస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. “బస్టాప్ అమ్మాయి గురించి నీకేం తెలుసు?”

ఆలోచించాను. “మొహం కూడా గుర్తులేదండీ.”

“అప్పుడు నువ్వు మాట్లాడావు. ఇప్పుడు వింటున్నావు. నాకైతే ఇది నా డిపార్ట్‌మెంట్ కేసులా లేదు.” నవ్వి, వెంటనే మొహం మార్చింది. “అయినా రక్తపరీక్ష చేయించు. నిద్ర టైం తప్పకు. నిద్ర తగ్గి కూడా హుషారు పెరిగిందంటే ఆ రోజే నాకు ఫోన్. మందు మాత్రం మానకు. చెప్పే మాట ఏదన్నా ఉంటే కొన్నాళ్లు ఆగి చెప్పు. ప్రేమైతే ఎక్కడికీ పోదు.”

ఆగాను. పరీక్ష బాగానే వచ్చింది. నిద్ర దారిలో పడింది. ఊరు మళ్లీ మామూలుగా, దుమ్ముదుమ్ముగా కనిపించడం మొదలైంది. ఆమె మాత్రం అలాగే కనిపిస్తోంది. ఇక చెప్పేద్దామనుకున్నాను.

సరిగ్గా అప్పుడే కొంప మునిగింది.

ఆ రోజు ఐదో అంతస్తులో తలుపు పట్టాలు శుభ్రం చేస్తున్నాను. రెండు చేతులకీ గ్రీజు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అక్కతో మాట్లాడుతున్నాను.

“మందు మానేశావా ఏంట్రా? నిన్న సీసాలో మిగిలిపోయి కనిపించాయి.”

“లేదక్కా. జేబులో ఉన్నవి వేసుకున్నా.”

“మానకురా, నీ కాళ్లు పట్టుకుంటా. అప్పుడు మానేసి ఏం చేశావో గుర్తుందిగా?”

“నువ్వు బెంగపడకు. ఈ జన్మకి మందు మాననుగాక మానను.”

తలెత్తి చూస్తే ఎదురుగా చెవులమ్మగారు. చేతిలో కాఫీ కప్పు. మొహంలో రక్తం లేదు. కప్పు అక్కడే కిటికీలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది.

తెలిసిపోయింది, అనుకున్నాను. నా జబ్బు సంగతి తెలిసిపోయింది. నేను చెప్పాల్సింది, ఫోన్ చెప్పేసింది.

కొన్నాళ్లు మొహం చాటేసింది. తర్వాత తనే వచ్చింది. మెట్ల దగ్గర కూర్చున్నాం. బయట చినుకులు పడుతున్నాయి. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. అంటే బాగా కోపంగా ఉందన్నమాట.

“మీరు మందు మానెయ్యండి.”

“ఏంటి?”

“ఆ రోజు ఫోన్‌లో అంతా విన్నాను. చెవులు పరీక్ష చేసేదాన్ని, నా చెవులు తప్పు వినవు. మీరంటే నాకు ఇష్టం. చెప్పేశాను, చాలా? కానీ మందు ఉన్న ఇంట్లో నేను ఉండలేను.”

ఇష్టం! నెలల తరబడి నేను గొంతులో దాచుకున్న మాట. అదే నోటితో మందు మానెయ్యమంటోంది.

“అది లేకపోతే నేను మనిషిని కాను,” అన్నాను.

“అందరూ ఇదే అంటారు.”

“డాక్టరే వేసుకోమంది.”

“ఆరోగ్యానికి మంచిదని చెప్పే డాక్టర్లు కూడా ఉంటార్లెండి, విన్నాను.”

“మీకు తెలియదు. మానేస్తే నా బతుకు ఏమవుతుందో మీరు చూడలేదు.”

“చూశాను. మా బాబాయి ఇంట్లో చూశాను. ఆఖరిసారి అడుగుతున్నా. నేను కావాలా, మందు కావాలా?”

ఒక్క క్షణం కూడా పట్టలేదు. “మందు,” అన్నాను.

ఆమె లేచి వెళ్లిపోయింది.

ఆ పూట ఇంటికొచ్చి ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి. అన్నం తిని మాత్ర అరచేతిలో పెట్టుకుని చూశాను. కొన్నాళ్లు ఆపి చూపిస్తే? ఆమె ఉంటుందిగా? చెయ్యి వణకదు, పొట్ట తగ్గుతుంది, అందరిలా ఉంటాను. ఆలోచన బాగానే ఉంది. పోయినసారీ ఇంత బాగానే ఉంది. ఇది మానేస్తే ఆమెని ప్రేమించడానికి నాలో మిగిలేవాడు ఎవడో నాకే తెలియదు. మాత్ర నోట్లో వేసుకుని చెంబుడు నీళ్లు తాగాను.

అక్క గుమ్మంలో నిలబడి చూసింది. ఆ ఒక్క రోజు మాత్రం ఏమీ అడగలేదు.

వానలకి ఆ బిల్డింగ్ లిఫ్ట్ కింది గుంటలో నీళ్లు చేరాయి. నా లిఫ్టే కాబట్టి నేనే వెళ్లాలి. లిఫ్ట్‌ని పైన ఆపేసి, గుంటలో దిగి మోటారుతో నీళ్లు తోడుతున్నాను. పైన, తీసి ఉన్న తలుపు దగ్గర చెప్పులు కనిపించాయి. చెవులమ్మగారు. వంగి ఒక కార్డు అందించింది.

“నాకు కోపం పోలేదు. అయినా మిమ్మల్ని అలా వదిలెయ్యలేను. మా బాబాయి ఇక్కడే చేరాడు. ఇప్పుడు బాగున్నాడు.”

కార్డు తీసుకుని చదివాను. ‘మద్యపాన విముక్తి కేంద్రం.’

మళ్లీ చదివాను.

“నేనెప్పుడు తాగానండీ?”

“బుకాయించకండి! చేతులు వణుకుతాయి. రోజంతా ఆ బాటిల్ పట్టుకుని గుక్కగుక్కా తాగుతారు. చీకటి పడకముందే ఇంటికి పరిగెడతారు. మీ అక్క ఫోన్ చేసి మరీ మందు మానకు అంటుంది. అక్కే దగ్గరుండి పోయించే కొంప నేనెక్కడా చూళ్లేదు!”

మోకాలి లోతు నీళ్లలో నిలబడి బాటిల్ పైకి అందించాను. “వాసన చూడండి.”

చూసింది. “నీళ్లు.”

జేబులోంచి మాత్రల అట్ట తీసి ఇచ్చాను. “ఇదిగో, ఇదీ నా మందు.”

“ఇవి టాబ్లెట్లు.”

“మందే.”

“మందంటే...” కళ్లు పెద్దవయ్యాయి. “ఈ మందా?”

“మీరే మందనుకున్నారు?”

నాకు నవ్వు తన్నుకొచ్చింది. ఆమె గుమ్మంలో చతికిలబడి మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు ఊగుతుంటే ఏడుస్తోందేమోనని భయపడ్డాను. నవ్వుతోంది.

“తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగారన్నమాట,” అంది ఆయాసంగా.

“నేను తాగింది పాలేనండీ. తాటిచెట్టు మా అక్క.”

నవ్వి నవ్వి ఆగాక ఆమె అట్ట తిప్పి చూసింది. “దేనికివి?”

ఇక దాచేదేముంది? గుంటలో నిలబడే చెప్పాను. నిద్రలేని రాత్రులు, బస్టాప్ బెంచీ, గోడవైపు తిరిగి పడుకున్న నెలలు, మానేసి పడ్డ పాట్లు. ఒక్క ముక్క తగ్గించలేదు. నమ్మకం కుదరకపోతే అడగమని అక్క నంబరూ, డాక్టర్ పేరూ కూడా చెప్పాను.

“లిథియమా? మా మిషన్ల బ్యాటరీల్లో ఉండేదేగా?”

“దాని చుట్టమే.”

నవ్వలేదు. “తగ్గిపోతుందా?”

“అదుపులో ఉంటుంది, పోదు. మందు వేసుకుంటున్నా ఒక్కోసారి మళ్లీ రావచ్చు. మీకు తీపి మాటలు చెప్పి ఒప్పించలేను.”

అట్ట మీది అక్షరాలు వేలితో తడిమింది. “తాగుడైతే మానెయ్యమని అడిగేదాన్ని. ఇప్పుడేం అడగాలో తెలియట్లేదు. నాకు టైం కావాలి.”

“మీరు టైం తీసుకోండి. నేను మందు తీసుకుంటా.”

అట్ట నా చేతిలో పెట్టి వెళ్లింది. నేను నీళ్లు తోడుకుంటూ ఉండిపోయాను. ఫోన్ చెయ్యలేదు, వంక పెట్టుకుని వెళ్లలేదు. ఎంత కష్టమైందో ఆ దేవుడికే తెలుసు. పని, అన్నం, మాత్ర, నిద్ర. వరసగా అవే చేసుకుంటూ పోయాను.

ఒక సాయంత్రం కబురొచ్చింది. “చెవుల పరీక్షకి రండి.”

“నా చెవులకేం?” అన్నాను వెళ్లగానే.

“అది నేను చెప్పాలి. కూర్చోండి.”

అద్దం ఉన్న చిన్న గది. తలుపేస్తే బయటి చప్పుడు చుక్క కూడా రాదు. నాకు హెడ్‌ఫోన్ పెట్టి, తను అద్దం అవతల మైకు ముందు కూర్చుంది. “వినపడితే చెయ్యెత్తాలి. ఎంత చిన్నగా వినపడ్డా సరే.”

కూ అని చప్పుళ్లు వచ్చాయి. ఎత్తాను. తర్వాత ఆమె గొంతు వచ్చింది.

“మీ డాక్టర్‌ని కలిశాను.”

చెయ్యెత్తాను.

“మీ అక్కతో మాట్లాడాను.” గొంతు తగ్గింది. ఎత్తాను.

“బస్టాప్ సంగతికి ఇద్దరం నవ్వాం. తర్వాత ఇద్దరం ఏడ్చాం.” ఎత్తాను.

“భయమేసింది. ఇంకా కొంచెం ఉంది.” మెల్లగా ఎత్తాను.

“నాకేదన్నా తేడా కనిపించి చెప్తే, వింటావా?”

హెడ్‌ఫోన్ తీసేశాను. దీనికి చెయ్యెత్తితే చాలదు.

“వింటాను. కోపమొచ్చినా వింటాను. ఆ టైంలో నేను వినకపోతే అక్కకీ డాక్టర్‌కీ ఫోన్ చెయ్యండి, ఇప్పుడే ఒప్పుకుంటున్నాను. కానీ నాదీ ఒక మాట. నేను నవ్విన ప్రతిసారీ మందు వేసుకున్నావా అని అడక్కండి. పోట్లాడుకునేటప్పుడు అసలే వద్దు. నా కోపం ఒక్కోసారి ఉత్త కోపమే.”

ఆమె ఆలోచించింది. “రాత్రి అన్నం దగ్గర ఒక్కసారి అడుగుతా. సరేనా?”

“సరే.”

“అయితే హెడ్‌ఫోన్ పెట్టుకో. పరీక్ష అయిపోలేదు.”

మీరు కాస్తా నువ్వు అయిపోయిందని అప్పుడు తట్టింది. పెట్టుకున్నాను. ఆమె సౌండు మీట బాగా కిందికి తిప్పింది. పెదవులు కదిలాయి. ముందు నా గుండె చప్పుడే వినపడింది. దాని కింద, ఎక్కడో అడుగున, ఆమె గొంతు. పెళ్లి చేసుకుందామా అని.

రెండు చేతులూ ఎత్తేశాను. రెండూ వణుకుతున్నాయి. లిథియమో, ఇంకొకటో!

తలుపు తీసుకుని వచ్చింది. “రెండు చేతులెత్తమని ఎవరన్నారు?”

“రెండు చెవులా వినపడిందండీ.”

అంతలో నా ఫోన్ మోగింది. అక్క. నేను తీసేలోపే ఆమె లాక్కుంది.

“ఏరా, మందు వేసుకున్నావా?”

“ఇంకా లేదు వదినా. అన్నం దగ్గర నేను అడుగుతాగా.”

పెద్ద గొంతున్న మా అక్కకి మాట పెగలడానికి లేటవడం నాకు తెలిసి అదే మొదటిసారి.

“ఏమన్నావమ్మా?”

“వదినా అన్నాను. వినపడలేదా? రేపు మా సెంటర్‌కి రండి, చెవులు చూస్తా.”

“వినపడింది తల్లీ,” అంది అక్క, ఏడుపు గొంతుతో. “బాగా వినపడింది. అయినా ఇంకొక్కసారి అను.”